ఐదో అంతస్తు సూప్

లిఫ్ట్ మూడో అంతస్తు దాటింది, నాలుగోది అందుకోలేదు. మధ్యలో ఆగిపోయింది.

మెకానిక్ వచ్చేసరికి బయట వాన దంచికొడుతోంది. తల తుడుచుకుంటూనే నాలుగో అంతస్తు తలుపు తెరిచి, కింద కనిపించిన జానెడు సందులోకి టార్చ్ వేశాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేకపోతే ఇందాకట్నుంచి బెల్లు ఎవరు కొడుతున్నారనుకున్నారు?" ఆడగొంతు. మంచి కోపంగా ఉంది.

"బెల్లు కూడా చెడిపోయిందేమో అనుకున్నానండీ. ఎంతమంది ఉన్నారు?"

లోపల ఏదో రేకు చప్పుడైంది. తర్వాత, "ఇద్దరం," అని వినిపించింది.

"రెండోవారు బాగానే ఉన్నారా? గొంతు వినపడటం లేదు."

"మాట్లాడే రకం కాదు."

"అదృష్టవంతులు. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు."

"ముందు లిఫ్ట్ సంగతి చూస్తారా, మీ ఇంటి సంగతులు చెబుతారా?"

అప్పుడే లోపలి నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. తడిగా, బరువుగా, ముసలివాళ్ళు మెట్లెక్కి వచ్చి కూర్చున్నప్పుడు విడిచేలాంటిది. మెకానిక్ కంగారుపడ్డాడు.

"పెద్దావిడకి ఆయాసంలా ఉంది. గాలి ఆడేలా చూడండి. ఇప్పుడే దించేస్తా."

రెండేసి మెట్లు ఎక్కుతూ మేడ మీది మోటారు గదికి పరిగెత్తాడు. బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పుతూ పెట్టెను నాలుగో అంతస్తుకి సరిపెట్టాడు. ఒగర్చుకుంటూ కిందకొచ్చి తలుపు లాగాడు.

తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి నేల మీద కూర్చుని ఉంది. జుట్టు గుడ్డతో బిగించి కట్టింది. పక్కన తోపుడు బండి, దాని మీద పెద్ద రేకు తొట్టి, తొట్టి మీద తడి గోనెసంచి.

"పెద్దావిడ ఎక్కడ?"

ఆమె గోనె ఎత్తింది. లోపల సముద్రపు తాబేలు. తొట్టికి మించిన తాబేలు. మెడ చాచి, మరోసారి నిట్టూర్చింది.

మెకానిక్ నోరు తెరిచి, నవ్వేశాడు. "దీనికా నేను గాలి ఆడేలా చూడమన్నది. ఎక్కడికండీ ప్రయాణం?"

"ఐదో అంతస్తుకి."

"అక్కడ దీనికేం పని?"

"సూప్."

హాస్యమాడుతోందనుకుని ఇంకా నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. వంగి చూశాడు. తాబేలు కళ్ళ కింద జిగటగా నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుస్తోంది."

"ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా పోతుంది. అందరూ అలాగే పొరబడతారు."

"నిజంగానా?"

"నిజమే," అంది ఆమె. గోనె పక్కన పెడుతూ, "కాకపోతే ఇంతసేపు పక్కన కూర్చుంటే నిజం కూడా అంత సాయం చేయదు," అంది.

ఆ మాట ఆమె అతనితో అన్నట్టు లేదు. అతను మాత్రం విన్నాడు. తాబేలు ముందు రెక్కకి నైలాను వల ముక్క ఒకటి చుట్టుకుని, చర్మంలోకి దిగబడి ఉండటం కూడా చూశాడు.

"ఇదేంటండీ?"

"పెంపకం తాబేలే. చెరువులో పెంచుతారు."

"చెరువులో పెంచేదాన్ని సముద్రపు వలేసి పట్టాలా?"

ఆమె గోనె కప్పేసింది. "మీ పని లిఫ్ట్ వరకే," అని లిఫ్ట్ బటన్ల వైపు తిరిగింది.

* * *

ఆ రేవు వీధిలో ఆ హోటల్ తెలియనివాళ్ళు లేరు. నాలుగు అంతస్తుల దాకా ఎవరైనా వచ్చి తినొచ్చు. ఐదో అంతస్తు గది మాత్రం యజమాని ఎరిగినవాళ్ళకే. అక్కడ మెనూ కార్డు ఉండదు. ఏం తింటారో అడగరు. వచ్చేవాళ్ళంతా ఒకే సూప్ కోసం వస్తారు.

లిఫ్ట్‌లో ఇరుక్కున్న ఆ అమ్మాయికి యజమాని పెదనాన్న. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, ఆయనా పెద్దమ్మా తెచ్చి పెంచుకున్నారు. ఇంట్లో బుజ్జమ్మ. వంటగదిలో ఎదిగి, పెద్ద వంటమనిషి అయ్యాక బుజ్జమ్మగారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఆ 'గారు' విని నవ్వు బిగబట్టుకునేవారు. ఆమె కత్తి పట్టుకోవడం చూశాక ఇక నవ్వేవారు కాదు. ఆ కత్తి పని పెదనాన్న నేర్పిందే. ఆయన కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక ఐదో అంతస్తు వంట ఆమె మీద పడింది.

మెకానిక్ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"లిఫ్ట్ బాగానే తిరుగుతోందిగా?" అంది బుజ్జమ్మ, వంటగది గుమ్మంలో అతన్ని చూసి.

"అదే అనుమానం. ఇంత బాగా తిరగడం మంచిది కాదు."

"అయితే మోటారు గదికి వెళ్ళాలి. ఇది వంటగది."

"వాసన పట్టుకుని వచ్చా. దారి తప్పింది."

ఆమె ఒక గిన్నెలో పప్పుచారు పోసి అతని ముందుకు తోసింది. వంటగదిలో వాళ్ళంతా ఉల్లిపాయల మీదకి వంగి, చెవులు మాత్రం ఇటు పెట్టారు. కిటికీ అవతల వాన గోడలంతా కడుగుతోంది. అతను గిన్నె ఖాళీ చేసి, ఆమె వైపు ఒకసారి చూసి, ఆమె చూడగానే కప్పు వైపు చూశాడు.

"కప్పు కారుతోందా?"

"లేదండీ. ఊరికే."

"ఊరికే చూసేవాళ్ళకి రెండోసారి పోయను."

అలా అంటూనే పోసింది.

కానీ అతను ప్రతిసారీ వెళ్ళేముందు ఒక ప్రశ్న అడిగేవాడు. "పెద్దావిడ ఎలా ఉంది?" అని. తాబేలు ఐదో అంతస్తు స్టోర్ గదిలో తొట్టిలోనే ఉంది. విందు వారం చివర్లో. అప్పటిదాకా ప్రాణంతో ఉంచాలి. అతను అడిగినప్పుడల్లా ఆమె, "ఉంది," అనేది. ఆ ఒక్క మాట రోజురోజుకీ బరువెక్కింది.

వర్షం తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం అతను జోకులేమీ లేకుండా వచ్చాడు.

"రేవులో అడిగాను. వీటిని ఎవరూ పెంచరట. పట్టుకోవడమే నేరమట. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేవి ఏటేటా తగ్గిపోతున్నాయట. కొన్ని చోట్ల అసలు రావడమే మానేశాయని చెప్పారు. మీ పెదనాన్న మిమ్మల్ని మోసం చేస్తున్నారు."

బుజ్జమ్మ చేతులు తుడుచుకుంది.

"మోసం కాదు. ఆయన చెరువు అన్నాడు. ఎక్కడుంది ఆ చెరువు అని నేను అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుందని ఆయనకి తెలుసు. వినాల్సి వస్తుందని నాకు తెలుసు."

"అంటే మీకు తెలుసా?"

"ముందు రెక్కకి వల ఉన్నది ఇదే మొదటిదనుకుంటున్నారా?"

అతను చాలాసేపు ఆమెనే చూశాడు. ఈసారి చూపు కప్పు వైపు తిప్పుకోలేదు. "నేను ఇంకోలా అనుకున్నాను," అన్నాడు చివరికి.

"ఇంకోలా అనుకోమని నేను చెప్పలేదు."

అతను టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట ఆమె కూరల్లో రెండుసార్లు ఉప్పు వేసింది.

* * *

సాయంత్రం ఆమె పెదనాన్న దగ్గర కూర్చుంది. ఆయన తువ్వాలుతో కుడిచేతిని ఒడిలో అదిమిపెట్టుకుని ఉన్నాడు. వణుకు కనపడకుండా అలా చేస్తాడు.

"దాన్ని వదిలేద్దాం పెదనాన్నా."

"ఎవరు చెప్పారు? ఆ లిఫ్ట్ కుర్రాడా?"

"నేనే చెబుతున్నాను. లిఫ్ట్‌లో పక్కన కూర్చున్నాను. ఊపిరి తీస్తుంటే విన్నాను."

"కోడిని కోసేటప్పుడు నీకీ జాలి లేదేం?"

"ఎందుకు లేదు? ఉంది. కానీ కోళ్ళు అయిపోవు. ఇవి అయిపోతున్నాయి."

"నా చిన్నతనంలో ఒడ్డు నిండా ఇవే. నడుస్తుంటే కాళ్ళకి అడ్డం తగిలేవి."

"నేనూ అదే చెబుతున్నాను పెదనాన్నా."

ఆయన విసుక్కోలేదు. విసుక్కుంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది.

"మనం మానేస్తే ఇంకోచోటికి పోయి తింటారు."

"తిననివ్వండి. నా చేత్తో వద్దు."

"ఆ చెయ్యి ఎవరు నేర్పిన చెయ్యి?"

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. ఆయన లేచి, వెళ్తూ వెళ్తూ ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకు ఆమె నుదుటి దాకా తెలిసింది. "పడుకో. రేపు చూద్దాం," అన్నాడు.

ఆమె దాన్ని ఒప్పుకోలు అనుకుంది. పైకెళ్ళి, చిన్న కత్తెరతో రెక్కకున్న వల ముక్కను పోగు పోగుగా కత్తిరించి తీసింది. తాబేలు కదలలేదు. తర్వాత మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"మీ వ్యాన్ పొద్దున్నే కావాలి. దాన్ని కిందికి దించాలి. నా మీద కోపముంటే తర్వాత పడండి."

"కోపం ఎప్పుడో అయిపోయింది," అన్నాడతను. "ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదంతే."

పొద్దున్నే ఇద్దరూ లిఫ్ట్‌లో పైకెళ్ళారు. తొట్టి కడిగి, గోడవారగా బోర్లించి ఉంది.

పెదనాన్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కత్తిని ఇంకా వదల్లేదు. బల్ల మీద ఉన్నది చూడగానే ఆమెకు పని ఎలా జరిగిందో అర్థమైపోయింది. ఒక్క వేటుతో అయింది కాదు. గుల్ల అంచు మీద, మెడ మీద తప్పిన గాట్లు చాలా ఉన్నాయి. పక్కన స్టీలు బేసిన్‌లో గుడ్లు. తెల్లగా, గుండ్రంగా, బేసిన్ నిండా.

"నువ్వు చేయవని తెలిసింది. అతిథులు ఈ మధ్యాహ్నమే వస్తున్నారు," అన్నాడాయన. "నీ చెయ్యి అయితే ఒక్క వేటు. నువ్వు కాదన్నందుకే దానికి అంత పడింది."

మెకానిక్ ముందుకి అడుగేశాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

* * *

పెదనాన్నే వండిన సూప్ విందు గదిలోకి వెళ్ళాక బుజ్జమ్మ వెనకాలే వెళ్ళింది. తెల్ల దుప్పటి పరిచిన పొడవాటి బల్ల, చుట్టూ పెద్దమనుషులు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు.

"ఇది చెరువులో పెరిగింది కాదు," అంది. "సముద్రంలో వల వేసి పట్టింది. ఇలాంటివి ఇంక ఎక్కువ మిగల్లేదు. దీని కడుపులో గుడ్లున్నాయి. తెలిసి తినండి."

స్పూన్లు ఆగాయి. పెదనాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

బల్ల చివర కూర్చున్న పెద్దాయన ఎంతో నెమ్మదిగా, "పాపం," అన్నాడు. "వినడానికే బాధగా ఉందమ్మా. కానీ అది ఎలాగూ పోయిందిగా. ఇప్పుడు పారబోస్తే దాని ప్రాణం వృథా అయినట్టే కదా." అని స్పూన్ నోట్లో పెట్టుకున్నాడు. బల్ల చుట్టూ భుజాలన్నీ ఒక్కసారి సడలాయి. ఒక కొత్త పెళ్ళికూతురు మాత్రం స్పూన్ కింద పెట్టేసింది. పక్కన భర్త ఆమె వైపు చూశాడు. మళ్ళీ తీసుకుంది.

"వచ్చే వారం మా వియ్యాలవారు వస్తున్నారు," అన్నాడు ఇంకొకాయన పెదనాన్నతో. "ఇంకోటి తెప్పించండి. ఆ గుడ్లు కూడా వండితే బావుంటుందేమో చూడండి."

"అలాగేనండి," అన్నాడు పెదనాన్న.

బుజ్జమ్మ కోటు విప్పి కుర్చీ మీద వేసి, కిందికి దిగింది. మెకానిక్ వ్యాన్‌లో కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. వాన అద్దం మీద కాలవలు కడుతోంది. ఎవరూ వైపర్ వేయలేదు.

"అటవీ శాఖ ఆఫీసు నంబరు నా దగ్గరుంది," అన్నాడతను. "నేను చేస్తాను ఫోన్. నీకెందుకీ పాపం, ఆయన నీకు తండ్రిలాంటివాడు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"వద్దు. నువ్వు చేస్తే జీవితాంతం నిన్ను తిట్టుకుంటూ హాయిగా బతికేస్తాను. అది నాకూ మంచిది కాదు, నీకూ మంచిది కాదు. నేనే చేయాలి."

"నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు."

"జీవితాంతం పక్కనే ఉండి వింటావా ఏంటి?"

"ఖాళీయే."

ఆమె అతని వైపు చూసింది. నవ్వు రాలేదు. కానీ ఫోన్ కోసం చాచిన చెయ్యి అతని చేతిలోనే కొద్దిసేపు ఉండిపోయింది. తర్వాత నంబరు నొక్కింది.

* * *

ఆ వియ్యాలవారి కోసం ఇంకో తాబేలు వచ్చిన రోజే అధికారులు వచ్చారు. పెదనాన్నను వంటగదిలో, అందరి ముందు నిలబెట్టి అడిగారు. ఆయన ఏదీ కాదనలేదు. "ఎవరు చెప్పారు?" అని మాత్రం అడిగాడు.

"నేనే పెదనాన్నా," అంది బుజ్జమ్మ.

ఆయన తలూపాడు. తువ్వాలు తీసి కుడిచేతికి చుట్టుకుని వాళ్ళ వెంట నడిచాడు. తాబేలును లిఫ్ట్‌లో కిందికి దించింది మెకానికే. అధికారులతోపాటు సముద్రం దాకా వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె వెనక గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది.

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"వెనక్కి చూసిందా?"

"లేదు. ఎందుకు చూస్తుంది?"

"మంచిదే," అంది.

పెద్దమ్మ అరవలేదు, తిట్టలేదు. బుజ్జమ్మ బట్టల పెట్టెను ఆవిడే తెచ్చి మంచం మీద పెట్టింది. "కోపంతో అనడం లేదే. జ్వరమొస్తే ఈ ఒళ్ళోనే పడుకున్నావు. నిన్ను చూస్తే ఆయన కనపడుతున్నాడు. నేను తట్టుకోలేను. వెళ్ళు," అంది. బట్టలు తనే మడతపెట్టి సర్దింది.

హోటల్‌కి తాళం పడింది. పనివాళ్ళు చెల్లాచెదురైపోయారు. వాళ్ళలో కొందరు ఎదురుపడితే తల తిప్పుకునేవారు. బుజ్జమ్మకు ఒక కార్ఖానా క్యాంటీన్‌లో వంట పని దొరికింది. పెద్ద పెద్ద గుండిగలు, ఆకలితో వచ్చి వేగంగా తిని పోయే మనుషులు. అక్కడ రుచి గురించి ఎవరూ మాట్లాడరు. ఆమెకదే కావాలి.

మెకానిక్ రోజూ వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడేవాడు.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"లిఫ్ట్ చూడటానికి."

"ఇది రేకుల షెడ్డు. మేడే లేదు. లిఫ్ట్ ఎక్కడిది?"

"అందుకే వెతకడానికి ఇన్ని రోజులు పడుతోంది."

వెనకవాళ్ళు కదలమని గోల పెట్టారు. భోజనాల వేళ అయ్యాక ఆమె అతని బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"నా మీద జాలితో రావద్దు. నాకంటూ ఇంకెవరూ మిగల్లేదని వస్తున్నావేమో."

"జాలైతే ఈ కూర రోజూ తినగలనా?" అన్నాడతను. "ఇంత చప్పగా వండుతున్నావు. నీకిష్టమైనప్పుడు మళ్ళీ బాగా వండుతావు. అప్పటిదాకా ఇదే తింటాను. నువ్వంటే ఇష్టం. ఇంకోలా చెప్పడం నాకు రాదు."

ఆమె ఎదురు బెంచీ మీద కూర్చుంది. ముందు నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. అతను ఆమె కళ్ళు తుడవలేదు, ఊరుకోమనలేదు. తన నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడంతే.

* * *

జైల్లో పెదనాన్న ఆమెను చూడటానికి ఒప్పుకోలేదు. వెళ్ళిన ప్రతిసారీ, "రానన్నాడు," అని చెప్పి పంపేవారు. ఆమె వెళ్తూనే ఉంది. ఒక రోజు తలుపు తెరుచుకుంది. చిక్కిపోయిన మనిషి వచ్చి ఇనుప జాలీకి అటువైపు కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడినవాణ్ణి చూశాడు.

"తాబేలును లిఫ్ట్‌లో దించుకుపోయింది నువ్వే కదూ."

"నేనేనండి," అన్నాడు మెకానిక్.

ఆయన అతన్ని వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చేసింది తప్పేనని ఇంకా అనుకుంటున్నాను."

"తెలుసు పెదనాన్నా."

"ఇంట్లోవాళ్ళ మీద అలా చెప్పకూడదు."

"తెలుసు."

"చెయ్యి ఎలా ఉందని అడగవేం?"

"భయమేసింది. ఎలా ఉంది?"

"ఇక్కడ కత్తి ఇవ్వరు. బియ్యంలో రాళ్ళు ఏరిస్తారు." ఆయన ఆ చేతిని జాలీ ముందుకి ఎత్తి, పరాయివాళ్ళది చూసినట్టు చూసుకున్నాడు. "ఆ రోజు పని గుర్తొస్తుంది బుజ్జమ్మా. ఎన్నిసార్లు వేశానో. ఒక్కసారి కూడా అరవలేదది. దానికి గొంతు లేదు. నీ వల్లే అన్నాను నీతో. కత్తి నా చేతిలో ఉంది, మాట మాత్రం నీ మీద వేశాను."

ఆమె జాలీ మీద వేళ్ళు ఆనించింది. అటునుంచి ఆయనా చెయ్యి ఆనించాడు. ఆ వణుకు జాలీ అంతా సన్నగా పాకింది.

"వీణ్ణి చేసుకుంటున్నావా?"

"మీరు సరే అంటేనే."

"నేను సరే అనకపోతే?"

"సరే అనేదాకా వస్తాం," అన్నాడు మెకానిక్. "పెద్దమ్మగారి దగ్గరికీ వెళ్తున్నామండీ. మొన్న తలుపు తీశారు. కూర్చోమనలేదు కానీ, తీశారు."

పెదనాన్న మొదటిసారి అతన్ని సరిగ్గా చూశాడు. చాలాసేపు చూశాడు. "కాచుకునే ఓపికుంది," అన్నాడు ఆమెతో, అతను అక్కడ లేనట్టే. "వంటింటి మనిషికి అలాంటివాడే కావాలి. చేసుకో."

ఆమె తల దించుకుంది.

"నేను బయటికొచ్చాక పెట్టుకోండి. పెళ్ళి వంట నేను దగ్గరుండి చేయిస్తాను. తరగడం నీది. ఏం వండాలో కూడా నువ్వే చెప్పు. ఈసారి నేను వింటాను."

ఆయన చెవి జాలీకి దగ్గరగా పెట్టాడు. ఆమె గొంతు సరిచేసుకుని, ఏమేం వండాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. తోటలోవి, పొలంలోవి, ఏటా మళ్ళీ మళ్ళీ పండేవి. ఆయన కళ్ళు మూసుకుని, ప్రతిదానికీ తలాడించాడు. మూడోదాని దగ్గర మాత్రం అడ్డుపడ్డాడు.

"దానికి సన్నటి సెగ ఉండాలి. మరిచిపోయావా?"

"లేదు పెదనాన్నా," అంది.